ఇసుకను మేసిన మంద

ఇసుక ముందు చెవికి తెలుస్తుంది.

తర్వాత పంటికి.

ఆ తర్వాతే కంటికి.

తెల్లవారుతుంటే గోడ అవతల ఎవరో తవుడు జల్లిస్తున్నట్టు సన్నటి చప్పుడు... ఆ జల్లెడ పట్టిన చేతికి అలుపు లేదు. తూర్పు గాలికి అలుపు లేదు. కిష్తా పొయ్యి మీద జోంబా కాస్తుంది — టీ ఆకు, పాలు, ఉప్పు, వెన్న. గిన్నె మీద మూత. మూత మీద గుడ్డ. అయినా మొదటి గుక్కలోనే పళ్ళ మధ్య కరకర.

ఆ ఉదయం తలుపు తెరుచుకోలేదు.

అవతల గడియ ఎత్తున ఇసుక. పిలవని చుట్టంలా వచ్చి గుమ్మంలో కూర్చుంది. కిష్తా మొగుడు బెంబ్యా పార పుచ్చుకుని కిటికీలోంచి దూకాడు. దూకినవాడు దూకినట్టే మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. యాభై దాటిన మనిషి, గొర్రెల కాపరి, ఎంత పొగరు గుర్రాన్నయినా లొంగదీసినవాడు — కదల్లేక, కళ్ళార్పుతూ, పారను జెండాలా పట్టుకుని నిలబడ్డాడు.

కిష్తా కిటికీ చట్రం పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కూలబడింది.

"నవ్వు. రేపు నీ వంతు," అన్నాడు.

"రేపటికి కిటికీ మిగిలితే కదయ్యా," అంది.

అని, నవ్వు ఆపేసింది.

ఆ ఊరు బోర్ తోల్గా. కల్మీకులనే గొర్రెల కాపరుల జాతి గడ్డినేల మీద, కాస్పియన్ సముద్రానికి ఇవతల. ఆ నేలను నల్లనేల అంటారు. నడి చలికాలంలోనూ అక్కడ మంచు నిలవదు. చుట్టూ లోకమంతా తెల్లగా పరుచుకుని ఉన్నప్పుడు ఆ నేల ఒక్కటే నల్లగా, తెరుచుకుని, గొర్రెల నోటికి అందుతూ ఉండేది. తాతల కాలంలో మందలు చలికాలం వచ్చేవి. వసంతం ముదిరేలోగా లేచిపోయేవి.

గడ్డికి ఊపిరి తీసుకునే వేళ ఉండేది.

తర్వాత ప్రభుత్వం వాళ్ళు ఉన్ని కావాలన్నారు. ఇంకా ఉన్ని. ఇంకా, ఇంకా ఉన్ని. సన్న ఉన్ని గొర్రెలు దిగాయి, కత్తుల్లాంటి గిట్టలతో. చలికాలం మేశాయి. వసంతం మేశాయి. వేసవిలో నేల నోరు తెరిచి వాన కోసం చూస్తున్నప్పుడు కూడా మేశాయి. ఆకు పోయింది. కాడ పోయింది. వేరు పోయింది. కింద ఎన్ని యుగాల నుంచో నిద్రపోతున్న ఇసుక లేచి కూర్చుంది...

లేచి, నడవడం మొదలుపెట్టింది.

మేసిన ఆ మందల్లో కిష్తా మందా ఉంది. గొర్రెల ఫారంలో ఆమెను మించిన కాపరి లేదు. ఆఫీసు గోడ మీద ఆమె ఫొటో. ఎక్కువ పిల్లలు బతికిన మంద ఆమెది, ఎక్కువ ఉన్ని దిగిన మంద ఆమెది. అన్ని మందలనూ సాకిన నేల కళ్ళ ముందే పసుపు పచ్చగా మారుతుంటే, ఎవరిని తిట్టాలో తెలియక గాలిని తిట్టేది.

ఆ ఏడాది వేసవిలో ఫారం డైరెక్టర్ నిమ్గిర్ ఊరందరినీ పోగేశాడు. చెమట తుడుచుకున్నాడు.

"మూడేళ్ళలో ఊరు ఎత్తేస్తారట. పడమటివైపు కొత్త ఇళ్ళు కడతారట. ఇసుకతో మనం నెగ్గలేం," అన్నాడు.

ఎత్తేస్తారు.

ఆ మాట కిష్తా లోపల ఎక్కడో పాత పుండుకు తగిలింది. ఆమెకు ఆరేళ్ళప్పుడు ప్రభుత్వం పంపిన సైనికులు వచ్చి, చలికాలంలో, కల్మీకులందరినీ ఇలాగే ఎత్తారు. పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి సైబీరియా మంచులో పారేశారు. తిరిగొచ్చేసరికి ఆమెకు పెళ్ళీడు. రైలు దిగి, అడవి మాచిపత్రి దుబ్బు ఒకటి కనిపిస్తే దాని ముందు బోర్లా పడుకుని వాసన చూసింది. ఆ చేదు వాసన. అదే ఇల్లు. ఆమెకు తెలిసిన ఇల్లంటే అదే.

ఒకసారి మనుషులు ఎత్తారు.

ఇప్పుడు ఇసుక ఎత్తుతుందా?

కిష్తా లేచి నిలబడింది. "నేను లేవను," అంది. కూర్చుంది.

"లేవనని చెప్పడానికే లేచావు కదే," అని బెంబ్యా గొణిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో తడి ఉంది.

*

ఆకులు రాలే కాలంలో ఎల్జాతా వచ్చింది. లారీ నిండా బస్తాలతో.

బెంబ్యా చెల్లెలు. కిష్తా కోడలిగా అడుగుపెట్టిన నాడు ఆరేళ్ళ పిల్ల. ఆ చిక్కుజుట్టు దువ్వి జడలల్లింది కిష్తాయే. చెవి మెలిపెట్టి బడికి పంపిందీ కిష్తాయే. ఇప్పుడు ఆ పిల్ల పచ్చికబయళ్ళ పరిశోధన కేంద్రంలో పనిచేస్తోంది. గడ్డి చదువు. గడ్డి చదువుకీ ఇంత గౌరవమా అని ఊరు ముక్కున వేలేసుకుంది.

"ఏం తెచ్చావే? పిండా, పంచదారా?"

"గింజలు వదినా."

"వేయించుకు తినేవా?"

"గొర్రెలు తినేవాటి గింజలు. ఇసుకలో చల్లుతా."

కిష్తా బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి, గాలికి ఊదింది. పొట్టు కన్నా తేలిక. "ఇసకలో చల్లుతావా! పన్లో పని, కాస్పియన్‌లో రెండు బస్తాల ఉప్పు కూడా చల్లిపో."

ఎల్జాతా నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక మీద వేలితో గీసి చూపించింది. ఇదిగో తూర్పు గాలి. ఇదిగో ఊరు. ఈ మధ్యలో కియాక్ గడ్డి — ఇసుక కప్పేకొద్దీ పైకి లేచే మొండి గడ్డి. దాని పక్కన జుజ్గున్ పొదలు. వాటి నీడన పుల్లపొద. నేలబారున పాకుతుంది, కరువులోనూ పచ్చగా ఉంటుంది, గొర్రెకు అదే పాయసం. ఊరి అంచు నుంచి ఎండిన బావి దాకా మొత్తం పరచాలి.

"అయితే ఒక షరతు. మొలిచాక రెండు వసంతాలు అటు ఒక్క గిట్ట పడకూడదు."

"నా మంద ఎక్కడ మేయాలి? నీ నెత్తి మీదా?"

"అన్నిచోట్లా ఎప్పుడూ మేపబట్టే కదా వదినా, ఇప్పుడు ఎక్కడా లేకుండా పోయింది."

మాట పదునుగానే తగిలింది. కిష్తా గుప్పిట్లోని గింజలు బస్తాలో పోసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నాచెల్లెళ్ళకు ఉప్పు లేని టీ దక్కింది.

నిమ్గిర్ మాత్రం తేలిగ్గా ఒప్పుకున్నాడు. "ఎలాగూ పోయే ఊరేగా అమ్మాయ్. చల్లుకో. కంచెకి తీగ మాత్రం అడగకు, లేదు. నాగలితో ఒక చాలు గీయిస్తా. అదే నీ కంచె."

ఎల్జాతా చల్లింది.

కియాక్, జుజ్గున్, పుల్లపొద — అన్నీ ఒకేసారి.

చలికాలమంతా గాలి నవ్వింది. వసంతం వచ్చింది. అడవి తులిప్పులు ఎక్కడో దూరాన, ఇసుక ఇంకా చేరని చోట పూశాయి. ఎల్జాతా చల్లిన మేర...

పసుపు. పసుపు. పసుపు.

కిష్తా టీ కెటిల్ పట్టుకుని దిబ్బ ఎక్కింది. ఎక్కుతూ మంచి మాట ఒకటి నూరుకుంది. ఎప్పటికీ మర్చిపోలేని ఎత్తిపొడుపు. పైకి చేరేసరికి ఎల్జాతా బోర్లా పడుకుని వేళ్ళతో ఇసుక తవ్వుతోంది. ఒక్క గింజ. ఒక్క మొలక. ఏదీ లేదు. చిన్నప్పుడు సైబీరియా నుంచి తెచ్చుకున్న చెక్కబొమ్మ పారేసుకుని ఈ పిల్ల ఇలాగే మంచం కింద వెతికింది.

నూరుకున్న మాట నోట్లోనే ఇంకిపోయింది.

"లే. తాగు. చల్లారిపోతుంది."

ఎల్జాతా లేచి కూర్చుంది. ముఖమంతా ఇసుక, చెంపల మీద తప్ప. చెంపల మీద రెండు చారలు. "తొందరపడ్డాను వదినా. ఊరికి మూడేళ్ళే ఉందని అన్నీ ఒక్కసారే చల్లేశాను. ముందు గాలిని ఆపాలి. గాలి ఆగాక ఇసుక ఆగుతుంది. ఇసుక ఆగాకే గింజ. నాకు తెలుసు. తెలిసీ..."

"గాలిని దేంతో ఆపుతావు?"

"గాలికి అడ్డంగా ఎండుపుల్లలు పాతాలి. వరసలు వరసలుగా. వాటి వెనక జుజ్గున్ కొమ్మలు నాటాలి. చేత్తో. యంత్రంతో కాదు. నా కేంద్రంలో ఉన్నది నలుగురు మనుషులు."

కిష్తా దిబ్బ మీద నుంచి ఊరు చూసింది. కప్పుల దాకా మునిగిన ఇళ్ళు. పొగ వస్తున్న ఇళ్ళు. పొగ వస్తున్నవి ఇంకా చాలానే ఉన్నాయి.

"నలుగురేంటే," అంది. "ఊరుంది కదా."

*

ఊరు కదిలింది.

ఈసారి ఎవరూ ఎత్తలేదు. తనంతట తను కదిలింది.

ఆకురాలు కాలం మొత్తం రెల్లు కోశారు. ఎండు మాచిపత్రి మోపులు కట్టారు. ఇసుకలో మోకాలెత్తు దడులు పాతారు — గాలికి అడ్డంగా, ఒక వరస, దాని వెనక ఇంకో వరస, దాని వెనక ఇంకో... ముసలమ్మలు పాటలు పాడారు. నిమ్గిర్ భార్య తన సిటీ బూట్లు పాడుచేసుకుంది. బెంబ్యా మోటారు సైకిల్ మీద కొమ్మల కట్టలు మోశాడు. మోస్తూ అందరికీ వినపడేలా అనేవాడు, "ఒకవైపు పెళ్ళాం, ఒకవైపు చెల్లెలు. ఈ ఇద్దరి మధ్య పడ్డవాడికి ఇసుక ఒక లెక్కా!"

కిష్తా పారతో గుంత తవ్వేది. ఎల్జాతా కొమ్మ పెట్టేది. కిష్తా మడమతో తొక్కేది.

గుంత. కొమ్మ. మడమ.

గుంత. కొమ్మ. మడమ.

చలికాలం చివర, నేల మీద మంచు పలచగా వాలి కరిగేలోపు, దడుల నీడన పుల్లపొద గింజలు చల్లారు. మంచు కరిగి గింజను తనతో పాటు లోపలికి తీసుకుపోయింది. తల్లి బిడ్డను దుప్పటి కిందికి లాక్కున్నట్టు.

వసంతంలో ఒక ఉదయం కిష్తా మందను తోలుకుపోతూ ఆగింది. దడుల నీడన ఏదో మరక. కళ్ళు నులుముకుంది. గుర్రం దిగింది. వంగింది.

ఆకుపచ్చ.

గోరంత. గోరులో సగమంత. అయినా ఆకుపచ్చ!

"ఎల్జా!" అని అరిచింది. ఆ అరుపుకు గొర్రెలు చెదిరాయి. "ఎల్జా... ఏయ్ ఎల్జా! నీ ఉప్పు మొలిచిందే!"

*

అంతే, వాన మొహం చాటేసింది.

ఏప్రిల్ పొడి. మే పొడి. ఆకాశం రేకుడబ్బా అడుగులా మెరిసింది. పాత మేత బయళ్ళలో మిగిలిన నాలుగు దుబ్బులూ బూడిదయ్యాయి. అప్పుడే ఈనిన గొర్రెల పొదుగులు పిండితే వేలికి తడి అంటలేదు. పిల్లలు తల్లుల కింద దూరి, తలతో కుమ్మి, వదిలేసి, నిలబడి అరిచేవి. కాసేపటికి అరవడం కూడా మానేసేవి.

అది ఇంకా భయం. అరవని మంద.

కిష్తా మందను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక మధ్యాహ్నం మంద తనే దారి ఎంచుకుంది. గాలిలో పచ్చి వాసన పట్టింది. ముందు నడిచే మేకపోతు నేరుగా వెళ్ళి నాగేటి చాలు ముందు ఆగింది. చాలు అవతల పుల్లపొద, జానెడు ఎత్తు, లేత లేతగా ఊగుతోంది.

మేకపోతు వెనక్కి తిరిగి కిష్తాను చూసింది.

అవతల ఎల్జాతా నిలబడింది. ఖాళీ చేతులతో.

"కంచె లేదుగా," అంది కిష్తా.

"లేదు."

"ఆపుతావా?"

"నీ మందను నేనొక్కదాన్నే ఎక్కడ ఆపగలను వదినా? కానీ విను. వీటి వేళ్ళు ఇంకా పట్టు దొరకబుచ్చుకుంటున్నాయి. ఇవాళ కొరికితే వేరుతో సహా ఊడొస్తాయి. నీ మందకు ఒక్క పూట మేత. ఆ తర్వాత ఇద్దరికీ ఏమీ ఉండదు."

"పిల్లలు చస్తున్నాయే."

"తెలుసు."

"తెలుసా? నీకు గడ్డి తెలుసు. ఇవి నా చేతుల్లో పుట్టినవి."

ఎల్జాతా పక్కకు జరిగింది. నిజంగానే జరిగింది. దారి వదిలింది.

అడ్డం నిలబడి ఉంటే కిష్తా దాటేదేమో.

దారి వదిలేసరికి దాటలేకపోయింది.

ఎదురుగా మందకు ఒక పూట మేత. దాని వెనక దడులు. దాని వెనక ఊరు. పొగ వస్తున్న ఇళ్ళు. పారలు పట్టిన చేతులు, పుండ్లు పడ్డ చేతులు. గుంత, కొమ్మ, మడమ... గాలి మందను నెడుతోంది. గొర్రెల రొప్పు ఆమె పిక్కలకు వెచ్చగా తగులుతోంది.

"తిప్పు," అంది.

మేకపోతుతో అందో, తనతో అందో. కర్ర అడ్డం పెట్టింది. మంద తిరగనంది. అరిచింది, కొట్టింది, కొమ్ములు పట్టుకుని లాగింది. ఏడుస్తూ లాగింది. మంద తిరిగింది.

తిప్పిన మందను దొడ్డికి తోలలేదు. ఊరి నడిమధ్య నుంచి, ఇసుక రేగుతుంటే, నేరుగా ఫారం ఆఫీసు ముందుకు తోలింది. మెట్ల మీద గొర్రెలు. పూలకుండీల్లో గొర్రెలు. తలుపు సందులోంచి లోపలికి తల దూర్చిన గొర్రెలు.

నిమ్గిర్ కిటికీ తెరిచాడు. "కిష్తా అక్కా! ఇదేంటి?"

"నీ ఉన్ని. దిగొచ్చి మేపుకో."

"అక్కా, పైనుంచి ప్రణాళిక ఉంది. మందలో తలలు తగ్గితే నా తల పోతుంది."

"నీది ఒక్క తల. ఇక్కడ ఎన్నున్నాయో చూడు. సగం మందను ఇప్పుడే అమ్మి తగ్గించెయ్. మిగిలిన సగానికి లారీలు పెట్టి పడమటి బయళ్ళకు పంపు, వేసవి దాటేదాకా. లేదంటే రేపటినుంచి చచ్చినవాటిని నువ్వే మొయ్యి."

"నేనెవర్నని సంతకం పెట్టను అక్కా?"

"కాపరి కొడుకువి కాదట్రా నువ్వు?"

నిమ్గిర్ కిటికీ మూశాడు. కిష్తా కర్ర మీద ఆనుకుని నిలబడింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కోటు లేకుండా, చొక్కా చేతులు పైకి మడిచి బయటికొచ్చాడు. మెట్ల మీదున్న గొర్రె పక్కన ఒంగి కూర్చున్నాడు. పొదుగు కింద చెయ్యి పెట్టాడు. పిండాడు. మళ్ళీ పిండాడు. ఆ చేతికి పని ఇంకా గుర్తుంది.

లేచి చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి ఏమీ లేదు. అయినా తుడుచుకున్నాడు.

"లారీలు పొద్దున్నే వస్తాయి," అన్నాడు.

ఆ ఏడు నిమ్గిర్‌కు పైనుంచి చీవాట్లు వచ్చాయి. ఉన్ని తగ్గింది. ఆఫీసు గోడ మీద కిష్తా ఫొటో తీసేశారు. మేకు మిగిలింది.

"మంచిదే," అంది కిష్తా. "అందులో నా ముక్కు వంకరగా పడింది."

*

కరువు తనకు చేతనైనదంతా చేసింది.

పుల్లపొద చావలేదు.

ఎల్జాతా ఒక మొక్క పక్కన గుంత తవ్వి వదినను పిలిచింది. ఆకు జానెడు. వేరు కోసం తవ్వుతూ పోయారు. మోచెయ్యి. భుజం. ఇంకా కిందికి. కిష్తా గుంతలో బోర్లా పడుకుని చేయి చాపితే వేరు ఇంకా దిగుతూనే ఉంది. అడుగున మట్టి చల్లగా తగిలింది. తడి! వేళ్ళకంటిన తడిని ముఖానికి రాసుకుంది.

"పైకి ఏమీ చెప్పకుండా ఇంత పని చేసిందా ఇది," అంది.

ఆకురాలు కాలంలో వాన వచ్చింది. చలికాలం చివర మళ్ళీ వచ్చింది. మూడో వసంతం...

ఆ వసంతం గురించి బోర్ తోల్గాలో ఇప్పటికీ గొంతు పెంచే చెబుతారు.

జుజ్గున్ పొదలు మనిషెత్తు లేచి ఎర్రెర్రని కాయలు పట్టాయి. కియాక్ కంకులు గాలికి వంగి, లేచి, మళ్ళీ వంగాయి. పుల్లపొద నేలను నేసింది. దాని సందుల్లో ఎవరూ చల్లని మాచిపత్రి తనంతట తను మొలిచింది. ఈకగడ్డి వెండిలా వచ్చింది. తులిప్పులు వచ్చాయి — పసుపువి, ఎరుపువి, అయినా ఈ పసుపు వేరు. భరతపక్షులు దిగాయి. ఎక్కడున్నాయో ఇన్నాళ్ళూ! ఆకాశానికి నిలువుగా ఎగిరి, అక్కడే ఆగి, గొంతు చించుకున్నాయి.

గాలి వచ్చింది. తూర్పు గాలి, పాత పొగరుతోనే వచ్చింది. మొదటి వరసలో తల వంచింది. రెండో వరసలో మోకాలు వంచింది. ఊరు చేరేసరికి దాని చేతుల్లో ఇసుక లేదు.

వట్టి గాలి. చేదు వాసన గాలి.

కిష్తా ఆ వాసన పట్టి, పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయింది. పాలు పొంగిపోయాయి.

అప్పటినుంచి ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు. నాగేటి చాలు మీద కావలి కాసింది. పొరుగువాళ్ళ ఆవును తరిమింది. మొగుడి మోటారు సైకిల్‌కు అడ్డం పడింది. "అటు తొక్కావంటే కాళ్ళిరగ్గొడతా. చుట్టూ తిరిగి పో."

"నేను నాటిన కొమ్మలేగా అవి!"

"నాటినవాడివి తొక్కుతావా? సిగ్గులేదూ!"

కాయలు ముదిరి, గింజ రాలే వేళ, ఎల్జాతా చాలు దాటి ఇవతలికి వచ్చింది.

"వదినా, మంద తీసుకురా."

"ఎక్కడికి?"

"లోపలికి. గడ్డి మీదికి."

కిష్తా ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం లేదే."

"ఇప్పుడు మేపకపోతే పాడైపోతుంది. పాత కాడలు ఎండి చాపలా కప్పేస్తాయి. కింద కొత్త చిగురుకు వెలుతురుండదు. గింజ పైనే ఉండి గాలికి పోతుంది. గిట్ట తొక్కితేనే గింజ లోపలికి పోయేది. కొంచెం మేసి, కొంచెం తొక్కి, వెళ్ళిపోవాలి. ఆగిపోకూడదు. వసంతంలో అసలు రాకూడదు. చలికాలంలో రావాలి, ఒక చోటు తర్వాత ఒక చోటు. తాతలు చేసింది అదే కదా."

"నా ప్రాణం లాంటి మంద మీద కర్రెత్తి ఈ గడ్డి కాపాడానే. ఇప్పుడు తినిపించమంటావా?"

"గొర్రె లేని గడ్డిబయలు కూడా సగం బయలే వదినా."

కిష్తా ఒప్పుకోలేదు. ఆ పూట ఒప్పుకోలేదు. మర్నాడు తూర్పారబట్టింది. ఆ మర్నాడు, ఎవరికీ చెప్పకుండా, తెల్లారగానే దొడ్డి తెరిచింది.

మేకపోతు చాలు ముందు ఆగింది. వెనక్కి చూసింది. దెబ్బలు గుర్తున్నాయి దానికి.

"పోరా," అంది కిష్తా. "పో... తిను!"

మంద దాటింది.

ముందు నిశ్శబ్దం. తర్వాత ఆ చప్పుడు — ఒకటి, పది, వంద నోళ్ళు ఒక్కసారి కొరికే చప్పుడు. వాన మొదలైనప్పుడు కప్పు మీద వచ్చే చప్పుడు. పటపట, పటపట... కిష్తా కర్ర వదిలేసింది. ఎన్నేళ్ళయింది ఈ చప్పుడు విని! గొర్రెలు తల ఎత్తకుండా తిన్నాయి. పొట్ట దాకా గడ్డి. ఎల్జాతా వెనకే వచ్చి పక్కన నిలబడింది. మాటలు ఆ చప్పుడుకు అడ్డం.

ఊరు ఎత్తేయడానికి కొలతలు తీసేవాళ్ళు సరిగ్గా ఆ వారంలోనే వచ్చారు.

రెండు జీపులు. ముందు జీపులో టోపీ పెట్టుకున్న పెద్దాయన. వెనక జీపులో చెమటలు కక్కుతున్న నిమ్గిర్. కిందటిసారి చూసిన పెద్ద ఇసుక దిబ్బను గుర్తు పెట్టుకుని వచ్చారట, దిబ్బ కనిపించక దారి తప్పారట. చివరికి మంద అరుపు విని అటు తిప్పారు.

పెద్దాయన దిగాడు. చుట్టూ చూశాడు. గడ్డిలో మునిగిన గొర్రెలను చూశాడు.

"ఇక్కడ ఇసుక ఉండాలే. ఏదీ?"

"మా గొర్రెలు తినేశాయండీ," అంది కిష్తా.

నిమ్గిర్ దగ్గు ఆపుకోలేకపోయాడు. పెద్దాయన నవ్వలేదు. ఇదంతా పైపైన పెట్టిన ముస్తాబు అనుకున్నాడు కాబోలు, గబగబా వెళ్ళి కియాక్ దుబ్బు ఒకటి పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులా పట్టాడు. రాలేదు. కాలు తన్నిపట్టి, పళ్ళు బిగించి, ఒంట్లో బలమంతా పెట్టి లాగాడు — ఆకులు చేతిలోంచి జారి, ఆయన వెల్లకిలా పడ్డాడు. టోపీ దొర్లుతూ పోయింది. ఒక గొర్రె దాన్ని వాసన చూసి, బాగోలేదని వదిలేసింది.

ఎవరూ కదల్లేదు.

పెద్దాయన పడుకునే ఉన్నాడు. అరచేతులు చూసుకున్నాడు, ఆకు కోసిన గీతలు. తర్వాత, ఆకాశంలోకి చూస్తూ, పడీ పడీ నవ్వడం మొదలుపెట్టాడు.

"కొలతలు వద్దు," అన్నాడు పక్కవాళ్ళతో. "టేపు మడవండి."

బోర్ తోల్గా కదలలేదు. ఆ చలికాలమే కబురు వచ్చింది, ఊరు ఉంటుందని. పొట్టేళ్ళు కోశారు. పెద్ద బానల్లో మాంసం ఉడికింది. బొర్త్సోగ్‌ రొట్టెలు నూనెలో ఉబ్బాయి. దోంబ్రా తీగలు మోగాయి. బెంబ్యా ఆడాడు, మోకాళ్ళు పట్టేసేదాకా ఆడాడు. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు లారీల మీద సామాన్లతో తిరిగొచ్చారు. మునిగిన ఇళ్ళను తవ్వుకున్నారు. ఇళ్ళు బయటపడ్డాయి, నీలం కిటికీలతో సహా.

నిమ్గిర్ బాగా తాగి కిష్తా ముందుకొచ్చాడు. "అక్కా, నీ ఫొటో మళ్ళీ పెడతా."

"ఈసారి పక్క నుంచి తీయించు," అంది.

*

కానీ నల్లనేల పెద్దది.

ఎండిన బావి దాటాక, చివరి వరస దాటాక, ఒక మిట్ట ఉంది. మంచు పలచగా వాలిన పొద్దున వదినా మరదళ్ళు గుర్రాల మీద ఆ మిట్ట ఎక్కారు. వెనక ఆకుపచ్చ, గోధుమ, వెండి. మధ్యలో చిన్నగా ఊరు, పొగలు. ముందు, కంటి చివర దాకా, ఇసుక. దాని అవతల మరో ఊరు ఉంది. అక్కడ కూడా ఎవరో ఇప్పుడు కిటికీలోంచి దూకుతుంటారు.

కిందటి వారమే ఈ మిట్ట అంచున దడులు మొదలయ్యాయి. ఒక వరస పూర్తయింది. రెండోది సగం.

"ఇది ఎన్నేళ్ళ పని ఎల్జా?"

"తెలీదు వదినా."

"నీ చదువులో లేదా?"

"లేదు."

కిష్తా గుర్రం దిగింది. జీను బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసింది. ఆమె మంద తొక్కిన నేలలో పండిన గింజలు. దడి నీడన, పలచని మంచు మీద నిలబడి చెయ్యి ఎత్తింది.

గాలి వీస్తోంది. తూర్పు గాలి. దాని నిండా ఇసుక. దడి మీద సన్నగా, ఆగకుండా, తవుడు జల్లిస్తున్నట్టు...

"తగ్గనీ," అంది ఎల్జాతా.

"తగ్గుతుందిలే. నాకేం తొందర."

చెయ్యి దించలేదు. గుప్పిట విప్పలేదు. గాలికి ఎదురుగా ముఖం పెట్టి, కళ్ళు చికిలించి, పళ్ళ మధ్య కరకరను నములుతూ, నవ్వుతూ, నిలబడింది.